టీవీకి తర్జుమా

కొత్త టీవీ వచ్చి నెల తిరగకముందే నేను చెవిటివాణ్నని మా ఇంట్లో తేలిపోయింది. తేల్చింది మా అమ్మాయి. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది గనక ఇంట్లో ఏ సంగతైనా తనే తేలుస్తుంది. హాల్లో సగం గోడను మింగేసిన ఆ టీవీని కొన్నదీ తనే. బొమ్మ విషయంలో నాకు పేచీ లేదు. హీరో గడ్డంలో ఎన్ని వెంట్రుకలు నెరిశాయో కూర్చున్నచోటి నుంచే లెక్కపెట్టొచ్చు. ఆ గడ్డంలోంచి ఆయన ఏం మాట్లాడుతున్నాడో మాత్రం నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

ఒక ఆదివారం సాయంత్రం ఉండబట్టలేక సౌండు పెంచాను. తెర మీద ఇద్దరు మనుషులు వంటింట్లో నిలబడి, ప్రాణం మీదికొచ్చిన సంగతేదో గుసగుసగా చెప్పుకుంటున్నారు. ఇంకా పెంచాను. మాట కాస్త తేటపడుతోంది అనుకునేలోపు ఎవడో తలుపు తన్నాడు. ఆ తన్నుకు మా అల్మారాలో గ్లాసులు గలగలలాడాయి. గబగబా తగ్గించాను. తగ్గించేసరికి తలుపు తన్నినవాడు లోపలికొచ్చి ఏమన్నాడో ఆ మాట కాస్తా పోయింది.

"డాడీ, సౌండ్ నలభై మీద ఉంది. ఇంక గూడ వినిపిస్తలేదంటే అది టీవీ ప్రాబ్లం కాదు," అంది మా అమ్మాయి. "ఒకసారి చెవులు చూపించుకో. చెవుడు మొదలైందేమో."

"చెవుడు నాకు కాదు, నీ టీవీకి నోరు సరిగ్గ లేదు."

"మమ్మీకి మంచిగనే వినిపిస్తుంది గదా! ఎప్పుడన్న నిన్ను ఏమన్నరని అడిగిందా?"

అదీ నిజమే. మా ఆవిడ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తుంది. పెళ్లికి ముందు నుంచీ నాచారంలో ఒక దారం మిల్లులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి, చేతులు ఊరికే ఉండవు. ఎంత గుసగుసలాడే సీనైనా సరే, "ఏమన్నడు?" అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. నా చెవులు ఎంత పాడయ్యాయో కొలవడానికి మా అమ్మాయికి దొరికిన కొలబద్ద వాళ్లమ్మే. నాకు ఒళ్లు మండింది. లేచి బాల్కనీలోకి వెళ్లి, రోడ్డు మీద పోయే బస్సుల హారన్లు ఎన్ని వినిపిస్తాయో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. అన్నీ వినిపించాయి.

ఇంత చిన్న మాటకు అంత కోపమేమిటని మీరు అనుకోవచ్చు. నేను నాచారంలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. బతుకుతెరువు అది. నాకు పేరు తెచ్చింది మాత్రం వేరే పని. మా చర్చి సంఘానికి బయటి నుంచి ప్రసంగీకులు వచ్చి ఇంగ్లీషులో వాక్యం చెబితే, వాళ్ల పక్కన నిలబడి తెలుగులోకి తర్జుమా చేసేది నేనే. ఇరవై రెండేళ్లుగా ఆ చోటు నాది. ప్రసంగీకుడికి ఎడమవైపు, అరడుగు వెనక. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, నేను అందుకుంటాను. ఆయన చెయ్యెత్తితే నా చెయ్యి కూడా లేవాలి. ఆయన గొంతు తడిస్తే నా గొంతూ తడవాలి. కొందరు నాలుగేసి వాక్యాలు ఒక్క ఊపిరిలో చెప్పేసి, ఇక నీ ఇష్టం అన్నట్టు నా వైపు చూస్తారు. వాళ్లను కూడా ఒడ్డుకు చేర్చాను. ఆ పనికి నాలుకెంత అవసరమో చెవి అంతకు రెట్టింపు అవసరం.

ఆ చెవి మీదే ఈమధ్య అనుమానం వచ్చింది. పోయిన చలికాలంలో ఈశాన్య రాష్ట్రాల కొండల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెత్తని గొంతు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వెనక కీబోర్డు ఆగకుండా మోగింది. రెండుసార్లు ఆయన్ను మళ్లీ చెప్పమని అడగాల్సి వచ్చింది. మైకు ముందు అడిగాను గనక అందరికీ తెలిసింది. టీవీ గొడవైన మరుసటి ఆదివారం ప్రార్థనయ్యాక మా పాస్టరయ్యగారు నా భుజం మీద చెయ్యేసి చెట్టు కిందికి తీసుకెళ్లారు.

"సారూ, సువార్త కూటాలు దగ్గరికొస్తున్నయ్. మూడు సాయంత్రాలు, మస్తు స్ట్రెయిన్ అయితది మీకు. మన సంఘంల బ్యాంకు ఆఫీసరున్నడు గద, ఇంగ్లీష్ మంచిగ వస్తది ఆయనకు. మీకు జర రెస్ట్ ఇద్దమా అని..."

ఆయన మంచివాడు, మాట పూర్తిచెయ్యలేదు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పానో లేదో భగ్గుమంది.

"నువ్వే చెప్పాలె. బ్యాంకాయన చెప్తే నేను కూటాలకే రాను, ఇంట్లనే కూసుంట."

ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఇంతటి మెప్పు నాకు ఎన్నడూ దక్కలేదు. పొంగిపోయాను. ఆ రోజు పొంగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను. అసలు సంగతేమిటంటే, మాట వినిపించకపోవడం టీవీ తప్పని తేలితే నా చోటు నాకుంటుంది. నా చెవి తప్పని తేలితే పోతుంది. కాబట్టి ఈ కేసు నేనే స్వయంగా విచారించాలని నిశ్చయించుకున్నాను.

మొదట నేరస్తుణ్ని సోదా చేశాను. గడ్డం గీసుకునే అద్దం, టార్చిలైటు తెచ్చుకుని టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. తెర చుట్టూ వెతికితే మాట బయటికొచ్చే చిల్లు ఒక్కటి లేదు. అద్దం కింద పెట్టి చూస్తే అప్పుడు దొరికాయి, అడుగున నేల వైపు తిరిగి సన్నటి జల్లెడల్లాంటివి రెండు. ఇంకో రెండు వెనక గోడ వైపు ఉన్నాయి. నాకు భలే ఆశ్చర్యమేసింది. మా పాత డబ్బా టీవీకి తెరకు అటూ ఇటూ రెండు స్పీకర్లు ఎదురుగా, మన మొహంలోకి చూస్తూ ఉండేవి. దాన్ని పలచగా చెయ్యాలి, అంచులు లేకుండా చెయ్యాలి అని ఆలోచించి ఆలోచించి చివరికి నోటిని తీసుకెళ్లి వీపు మీద పెట్టారు. గోడకు తిరిగి ప్రసంగం చేసేవాడి పక్కన నన్ను నిలబెడితే నేను మాత్రం ఏం తర్జుమా చెయ్యగలను?

తర్వాత సాక్షులు. మా కింది ఫ్లాటులో గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఉన్నాడు. ఉప్పల్ స్టేడియం దాకా ఇద్దరం పొద్దున్నే నడుస్తాం. నడకలో అడిగాను.

"అయ్యో, మా ఇంట్లోనూ అదే గోలండీ మాస్టారూ!" అన్నాడాయన రోడ్డు మీదే ఆగిపోయి. "మాటలొస్తే పెంచాలి, పాటొస్తే తగ్గించాలి. మా ఆవిడ రిమోట్ పట్టుకుని హార్మోనియం వాయిస్తున్నట్టు వాయిస్తా ఉంటుందండీ. నాకే చెవులు పోయాయేమోనని పైకి చెప్పుకోలేదు గానీ."

ఆ ఆఖరి మాట నాకు బాగా నచ్చింది. అక్కణ్నుంచి ఎవరు కనిపిస్తే వాళ్లనడిగాను. మందుల షాపాయన్ను, ఇస్త్రీ చేసే ఆమెను, మెట్రోలో పక్కన కూర్చున్న పరిచయం లేని మనిషిని కూడా. అందరి ఇళ్లలోనూ ఇదే రోగం. అందరూ తమ చెవులే పోయాయనుకుని గుట్టుగా దాచుకుంటున్నారు. కొందరు కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని తెలుగు సినిమా చదువుకుంటున్నారట.

నటుల్లోనూ తప్పుంది. నా చిన్నప్పటి సినిమాల్లో ప్రతివాడూ నేల టికెట్టులో చివర కూర్చున్న ముసలమ్మకు వినిపించాలన్నట్టు మాట్లాడేవాడు. చచ్చిపోయేవాడు కూడా అక్షరం మింగకుండా చచ్చిపోయేవాడు. ఇప్పటివాళ్లు తమ చొక్కా గుండీకి చెప్పుకుంటారు. అదే సహజమట. మా అమ్మాయిని కూడా కూర్చోబెట్టి అడిగితే తనూ కొంచెం దిగొచ్చింది.

"సినిమా సౌండ్ హాల్ కోసం కలుపుతరు డాడీ. అక్కడ మాటలకు మధ్యల సెపరేట్ స్పీకర్లుంటయ్. ఇంట్ల టీవీ అన్నీ తెచ్చి ఆ చిన్న స్పీకర్లల్లనే కుక్కుతది. అది నిజమే. కానీ మమ్మీకైతే వినిపిస్తుంది గదా."

మళ్లీ మమ్మీ. తిరిగి తిరిగి వాదం అక్కడికే వచ్చి ఆగేది. నాకు అరవై రెండు, ఆమెకు యాభై ఎనిమిది. అదే సోఫా, అదే దూరం. ఆమె ఏ ఇబ్బందీ లేకుండా సీరియల్ చూసి కళ్లు తుడుచుకుంటుంది. ఒక్క డబ్బింగ్ సీరియళ్లు పెట్టినప్పుడే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. "నోళ్లు ఒక తీరు, మాటలొక తీరు. తల్కాయి నొస్తది," అంటుంది. ఆ మాట సబబుగానే ఉందనుకుని నేనూ తలూపేవాణ్ని.

ఇక చెవి డాక్టరు దగ్గరికి పోక తప్పలేదు. హబ్సిగూడలో చెవులు పరీక్షించే చోటికి మా ఆవిణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. కూత వినిపిస్తే బటన్ నొక్కాలి. పదో తరగతి పరీక్ష రాసినప్పుడు కూడా నాకంత గుండెదడ లేదు. నిజంగా వినిపించిన కూత ఏదో, భయానికి నేను ఊహించుకున్న కూత ఏదో తెలియక చెమటలు పట్టాయి. పరీక్ష చేసిన అమ్మాయి కాగితం చూసి నవ్వింది.

"సార్, మీ ఏజ్‌కు మస్తు బాగున్నయ్. సన్న సౌండ్లు జర తగ్గినయ్, అంతే. టీవీల మాటలు నాకు గూడ సక్కగ వినిపించయ్ సార్. అమ్మా, ఎట్లాగూ వచ్చిన్రు, మీరు గూడ ఒకసారి కూసుంటరా?"

"నాకేమయింది? నాకు మంచిగనే ఉన్నది," అని మా ఆవిడ సంచీ భుజానేసుకుని అప్పటికే తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. డాక్టర్లంటే భయమని నవ్వుకున్నాను. ఉప్పల్ వచ్చేదాకా మెట్రోలో నా విజయగాథ చెబుతూనే ఉన్నాను. ఆమె కిటికీ వైపు ఒక్కసారి కూడా తిరగకుండా నా మొహమే చూస్తూ కూర్చుంది. మొగుణ్ని చూసి మురిసిపోతోందనుకున్నాను.

అయ్యగారికి ఫోన్ చేసి నా చెవులు భేషుగ్గా ఉన్నాయని చెప్పాను. ఆయన దేవునికి స్తోత్రం చెప్పి, అయినా కొత్తవాళ్లకు కూడా అలవాటు కావాలి గనక మొదటి సాయంత్రం నేను, తక్కిన రెండూ బ్యాంకు ఆఫీసరు అయితే బాగుంటుందేమో అన్నారు. నేను గెలిచినవాణ్ని. గెలిచినవాడికి పెద్దమనసు సులువు. సరేనన్నాను. ఆ సంగతి చెబితే మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నా పక్షాన నాకంటే ఎక్కువ పట్టుదలగా ఉందే అనుకుని లోలోపల ఇంకోసారి మురిశాను.

అలా టీవీ దోషి అని తేలింది. ఇక దాన్ని బాగుచెయ్యడమే మిగిలింది. మాటలను మాత్రం పైకెత్తి వినిపించే సెట్టింగు ఒకటి ఎక్కడో ఉంటుందని మా అమ్మాయి చెప్పింది. ఒక సాయంత్రం తను ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. మా ఆవిడ సీరియల్ మొదలైంది. నేను రిమోట్ పట్టుకుని ఒక్కో బటనూ నొక్కుతున్నాను. తెర మీద ఏవేవో డబ్బాలు వచ్చిపోతున్నాయి.

"దాన్ని సతాయించకు జర. పక్కకు జరుపు అవన్నీ," అని కసిరింది.

ఇంతలో కింద నీళ్ల ట్యాంకర్ వచ్చింది. మా అపార్టుమెంటులో ట్యాంకర్ వస్తే ఎవరో ఒకరు దగ్గరుండి నింపించుకోవాలి. ఆ వారం వంతు నాది. డబ్బాలన్నీ పోయేదాకా తోచిన బటన్లు నొక్కేసి, రిమోట్ జేబులో వేసుకునే దిగిపోయాను. పైకి వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. మెట్లెక్కుతుంటే మా ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. సీరియల్ అయిపోయిందేమో, లేక కరెంటు పోయిందేమో అనుకున్నాను. తలుపు తోసి చూస్తే బొమ్మ నడుస్తోంది. మూలన స్పీకరు గుర్తు మీద అడ్డగీత ఉంది. నేను నొక్కిన బటన్లలో ఏదో మాటనే మొత్తంగా ఆపేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. మా ఆవిడ సోఫా అంచున కూర్చుని తెర వైపు చూస్తూ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"ఏమైంది?" అన్నాను వెనక నుంచి. పలకలేదు. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అన్నాను. తిరగలేదు. ముందుకు వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అప్పుడు తలెత్తింది.

"పాపం, ఆ పిల్ల సంగతి అత్తకు ముందునుంచే ఎరికంట. అన్నీ తెల్సి గూడ ఇన్నొద్దులు నోరు మెదపలే. ఇయ్యాల అందరి ముందట, 'ఇది నా బిడ్డనే' అన్నది," అని నాకు కథంతా చెప్పింది. ఎవరు ఏమన్నారో మాటకు మాట చెప్పింది. అందులో ఒక్క మాట కూడా ఆ టీవీలోంచి బయటికి రాలేదు.

జేబులోంచి రిమోట్ తీసి మాట తెప్పించాను. సంగీతం ఒక్కసారి విరుచుకుపడింది. అదిరిపడింది నేను. ఆమె కాదు. నా మొహం చూసి, తెర చూసి, నా చేతిలోని రిమోట్ చూసి, ఒలవాల్సిన చిక్కుడుకాయలు ఒడిలోకి లాక్కుంది.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. కొత్తగా పెళ్లయినప్పుడు షిఫ్టు అయ్యే వేళకు నేను మిల్లు గేటు దగ్గర నిలబడేవాణ్ని. లోపల వందల కదుర్ల హోరులో మాట వినిపించదు గనక అక్కడి ఆడవాళ్లు పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లు. ఒకామె ఈ వరుస చివర, ఇంకొకామె ఆ వరుస చివర నిలబడి, తెగిన దారాలు అతుకుతూ, గొంతు లేకుండా అత్తల మీద చాడీలు చెప్పుకునేవాళ్లు. గేటు దాటి వచ్చాక కూడా కాసేపు ఆ అలవాటు పోయేది కాదు. బస్టాపు దాకా చప్పుడు లేకుండా మాట్లాడుకుంటూ, చప్పుడు లేకుండా విరగబడి నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. ఆ గుంపులో అందరికంటే వేగంగా చదివేది మా ఆవిడే. కరోనా రోజుల్లో అందరూ మాస్కులు కట్టుకున్నప్పుడు కూరగాయలవాళ్లందరితో ఆమెకు తగాదాలే. తర్వాత అసలు బయటికి వెళ్లడమే మానేసింది. కొన్నేళ్ల కిందటి దాకా నేను ఇంట్లో ఏ గదిలోంచి పిలిచినా "ఇటొచ్చి చెప్పు" అనేది. నేను మైకు పట్టుకుంటే, "జర కిందికి పట్టుకో, మొఖం కనబడాలె" అని ప్రతి కూటానికీ ముందు చెప్పేది. నా అందం కోసమనుకున్నాను.

ఇరవై రెండేళ్లు పరాయి మనుషుల మాటను ఒక్క అక్షరం పోకుండా పట్టుకున్నానని గొప్పలు పోయినవాణ్ని, నా పక్కన ఉన్న మనిషికి నా మాట వినిపించడం లేదన్నది పట్టుకోలేకపోయాను. నేలమీద ఆమెకు ఎదురుగా కూలబడ్డాను.

"ఎన్ని రోజులాయె?"

"రోజులేంది, మిల్లుల ఉన్నప్పట్నుంచే. మెల్లమెల్లగ పోయినయ్. ఇప్పుడైతే పక్కనొచ్చి డప్పు కొడ్తే తెలుస్తది, మాట తెల్వది."

"మరి నాకు చెప్పొద్దా?"

"బిడ్డ నిన్ను చెవిటోడు అన్నందుకు ఎంత గుస్స చేసినవు! అద్దం పట్టుకొని టీవీ కింద దూరినవు, ఊరంత తిరిగి అడిగొచ్చినవు. నన్నంటే నాకు గుస్స రాదా?"

టీవీని తిట్టడం తప్ప ఇంకేం తోచక, ఇలాంటి పనికిమాలినదాన్ని తెచ్చి నట్టింట్లో పెట్టారని ఏదో గొణిగాను.

"దాన్నేమనకు," అంది గట్టిగా. "మంచి టీవీ అది. పాతదాంట్ల నోళ్లు గింతంత కనబడ్తుండె. దీంట్ల ఒక్కొక్కరి పండ్లు గూడ కనబడ్తయ్. గడ్డాలోళ్లు, మీసాలోళ్లు వస్తేనే కష్టం."

"నా మీసం సంగతి?"

"నీది నోట్లెకే పడ్తది. గుడిల అయితే నువ్వు మెల్లగ, నోరు తెరిచి చెప్తవు, ఒక్కొక్క మాట మంచిగ తెలుస్తది. ఇంట్ల నువ్వు చెప్పేదాంట్ల సగం నేనే ఊహ చేసుకుంట." కాయలు ఒలుస్తూనే అంది. "బ్యాంకాయన మంచోడే. కానీ మైకు మూతికి ఆనిచ్చుకుంటడు. ప్రభువే వచ్చి ఆ మైకు వెనక నిలవడి మాట్లాడినా నాకు తెల్వది. నువ్వు చెప్పినప్పుడే నాకు వాక్యం అందుతది."

నాకు దుఃఖం ఆగలేదు. నేను నా పరువు అనుకుంటూ కాపాడుకున్న ఆ చోటు నాది కాదు, ఆమెది. అందులో మూడింట రెండు వంతులు పెద్దమనసుతో ఫోన్లో ఇచ్చేసి వచ్చాను.

"ఎవ్వరికి చెప్పకు. బిడ్డకు గూడ. చెప్పాల్నంటే నేనే చెప్త," అని మాట తీసుకుంది.

మర్నాడు అయ్యగారి దగ్గరికి వెళ్లి, మూడు సాయంత్రాలూ నేనే చెబుతాను, ఇవ్వనన్నాను. కారణం చెప్పలేను గనక ఏ కారణమూ చెప్పలేదు. ముసలాయన మైకు వదలడం లేదని అయ్యగారు అనుకున్నారు. సంఘ పెద్దలు కూడా అదే అనుకున్నారని తర్వాత తెలిసింది. బ్యాంకు ఆఫీసరు ఎదురుపడినప్పుడు వందనాలు చెప్పి తలొంచుకుని వెళ్లిపోయాడు. కష్టంగానే ఉండింది. కానీ నోరు మెదపలేదు.

కూటాల రోజు పొద్దున, టీవీ కింద నోళ్లు వెతికిన ఆ అద్దమే ముందు పెట్టుకుని నలభై ఏళ్ల మీసం తీసేశాను. అద్దంలో ఎవరో అపరిచితుడు, పైపెదవి తెల్లగా వెర్రిమొహం వేసుకుని చూశాడు. మా అమ్మాయి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. గడ్డం పట్టుకుని నా మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, "మంచిగుంది," అంది. మూడు సాయంత్రాలూ మైకును స్టాండుకు తగిలించి, ఛాతీ దగ్గరికి దించి, సౌండు చూసే ఆయన్ను పెంచుకోమన్నాను. రెండో వరుసలో కుడివైపు చివర కూర్చుంది ఆమె. ఆ మూడు రోజులూ నేను వెయ్యిమందికి చెప్పినట్టు చెప్పలేదు.

కూటాలయ్యాక మా ఆవిడ చెవి పరీక్షకు హబ్సిగూడ రావడానికి ఒప్పుకుంది. ఒక శనివారం మధ్యాహ్నం, పరీక్షకు ఇంకా రెండు రోజులుందనగా, మా అమ్మాయి అన్నం తిని టీవీ ముందు చేరింది. పరాయి దేశపు సీరియలేదో తెలుగులో పెట్టింది. వాళ్ల పెదాలు ఒకటి పలుకుతుంటే, తెలుగు వేరేగా వినిపిస్తోంది. మా ఆవిడ అలవాటుగా లేచి వంటింటి వైపు నడిచింది.

ఎదురెళ్లి ఆపాను. "కూసో. ఇయ్యాల నేను చెప్త," అన్నాను. నా మొహం చూసి, సరే అన్నట్టు తలూపి వచ్చి కూర్చుంది.

వెళ్లి టీవీ పక్కన నిలబడ్డాను. ఎడమవైపు, అరడుగు వెనక. తెర మీద ఒకామె వానలో నిలబడి ఎవరితోనో ఏదో చెబుతోంది. ఆమె చెప్పింది నేను మా ఆవిడ వైపు తిరిగి, నోరు తెరిచి, మెల్లగా చెప్పాను. తెలుగులోంచి తెలుగులోకి. రెండు వాక్యాలు దాటించేలోపు తెర మీదామె నాలుగు చెప్పేసింది. ఏ ప్రసంగీకుడైనా నా కోసం కాస్త ఆగుతాడు గానీ టీవీ ఆగదు. నేను తడబడుతుంటే మా అమ్మాయి నవ్వబోయింది.

"డాడీ, ఏం చేస్తున్నవ్? పక్కకు జరుగు," అంటూనే నా మొహం చూసి ఆగింది. తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగింది. వాళ్లమ్మ తెర వైపు చూడటం లేదు. కన్నార్పకుండా నా పెదాలనే చూస్తోంది. మా అమ్మాయి నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. అన్నీ తేల్చే ఆ పిల్లకు ఇదీ తేలిపోయింది. రిమోట్ నొక్కి బొమ్మను ఆపి, ఏ బటన్ నొక్కాలో చూపించి, వాళ్లమ్మ చేతిలో పెట్టింది.

వానలో నిలబడినామె నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. మా ఆవిడ కూతురి వైపు ఒకసారి చూసింది. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి, మా ఇంట్లో ఇన్నేళ్లలో మొదటిసారి గట్టిగా అడిగింది.

"ఏమన్నదామె?"